ఆంబ్రోస్ చెప్పని మాటలు

ఆగస్టు ఇంకా పోలేదు. చేలల్లో పత్తికాయ ఇంకా పగల్లేదు. కాలేజీ పిల్లల్లో సగం మంది ఇంకా ఇళ్ళ దగ్గరే ఉన్నారు. అయినా ఆ శనివారం హెబ్రోన్ కాలేజీ మైదానంలో ఆట పెట్టేశారు. అమెరికా అంతా తమ ఫుట్‌బాల్, అంటే బంతి చేత్తో పట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే ఆట, మొదలుపెట్టేది ఆ తర్వాతి వారం. ఈ ముందు వారాన్ని సున్నా వారం అంటారు. అప్పుడు ఆడే జట్లు బహు కొద్ది. చూపించడానికి ఇంకేమీ దొరకని టీవీ వాళ్ళు చిన్నా చితకా కాలేజీల తలుపు కూడా తడతారు. మిసిసిపీ డెల్టాలో ఓ మూల పడి ఉన్న నల్లవాళ్ళ కాలేజీకి అది పెద్ద పండగే. కాకపోతే టీవీ వాళ్ళ దగ్గర ఖాళీగా ఉన్నది మిట్టమధ్యాహ్నం దాటిన వేళ, ఎండ మాడు పగలగొట్టే వేళ. కాలేజీ పెద్దలు మారు మాట్లాడకుండా తలూపారు.

ఆంబ్రోస్ టాలీకి ఈ సున్నా వారం ఆటలంటే మొదటినుంచీ గిట్టేది కాదు. వారమంతా హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పేవాడు. శనివారం వస్తే హెబ్రోన్ ఆటలకి రేడియోలో కామెంటరీ చెప్పేవాడు. అరవై దాటినా గొంతు మాత్రం నలభై దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళో చాలామంది టీవీ పెట్టుకుని, దాని నోరు నొక్కేసి, పక్కనే ఆంబ్రోస్ రేడియో పెట్టుకునేవాళ్ళు. రేడియో మాట టీవీ బొమ్మ కంటే కొంచెం ముందు వచ్చేది. టీవీలో బంతి ఇంకా గాల్లో ఉండగానే ఆంబ్రోస్ టచ్‌డౌన్, పాయింట్లు వచ్చేశాయి అనేసేవాడు. మా మాస్టారు జరగబోయేది కూడా చెప్పేస్తారని క్షౌరశాలలో జనం వేళాకోళం ఆడేవారు.

ఆ రోజు ఆయన మైదానం మీది చెక్క గదిలోకి ఎక్కి కిటికీలోంచి చూస్తే మనసుకి ఏదోలా అనిపించింది. ఎదురు గ్యాలరీ దాదాపు ఖాళీ. ఎండకి కాలిన అల్యూమినియం బెంచీలు ధగధగ మెరుస్తున్నాయి. వచ్చిన కొద్దిమందీ నీడ ఉన్న ఒకే మూలకి చేరారు. బ్యాండు వాళ్ళు బాకాలు ఊదుతుంటే ఆ చప్పుడు ఎదురు గోడకి తగిలి తిరిగి రావాలి. ఆ రోజు వెళ్ళిందే కానీ తిరిగి రాలేదు. మైదానం పడమటి పక్కన, గోలు వెనక, ఏటి పాయ ఉంది. ఆకుపచ్చ నాచు పట్టిన నీళ్ళు. దాని మీద ఒక్క పిట్ట లేదు.

"గాలి ఎక్కడికి పోయింది?" అన్నాడు పక్కన కూర్చున్న రాస్కో. ఒకప్పుడు ఇదే జట్టులో ముందు వరుసలో ఆడి, ఇప్పుడు రెండు మోకాళ్ళూ పోగొట్టుకున్న భారీ మనిషి. ఆంబ్రోస్ ఊపిరి తీసుకున్నప్పుడల్లా మధ్యలో ఒక మాట వేయడం అతని పని.

"నీ పక్కన కూర్చుంటే నాకు గాలి ఎప్పుడు ఆడింది గనక," అన్నాడు ఆంబ్రోస్.

ఆట మొదలైంది. నాలుగు భాగాల ఆటలో, విరామానికి ముందు వచ్చే రెండింటిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. రెండు జట్లూ సగం నిద్రలో ఉన్నట్టు ఆడాయి. అవతలి జట్టు టెన్నెసీ నుంచి బస్సులో వచ్చింది. వాళ్ళ పిల్లలు ఆట ఆగిన ప్రతిసారీ ఒంటి మీద నీళ్ళు కుమ్మరించుకుంటున్నారు. హెబ్రోన్ ముందు వరుసలో అందరికంటే పెద్దవాడు లవెల్ హగ్గిన్స్. ఆంబ్రోస్ దగ్గర చదువుకున్నవాడే. వాళ్ళమ్మ ఒరీతా కూడా ఆయన దగ్గర చదువుకున్నదే. తండ్రి లేడు. తల్లీకొడుకులు ఇద్దరే. పాయ పొడుగునా వెళ్ళే రోడ్డు మీద, ఊరికి దూరంగా ఉంటారు.

విరామానికి కొద్దిసేపటి ముందు ఆంబ్రోస్ ఒక చిన్న వింత గమనించాడు. ఆయన ముందున్న మిషను మీద సూది ఒకటి ఉంటుంది. మాట్లాడితే పైకి లేస్తుంది, ఊరుకుంటే పడిపోతుంది. అప్పుడు ఆట ఆగి ఉంది. ఆయన నీళ్ళు తాగుతున్నాడు. రాస్కో కోడి రెక్క కొరుకుతున్నాడు. ఇద్దరిలో ఎవరూ మాట్లాడటం లేదు. సూది మాత్రం లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. మనిషి ఆగి ఆగి, చాలా నెమ్మదిగా మాట్లాడుతుంటే ఎలా ఆడుతుందో అలా.

ఆంబ్రోస్ చెవులకున్న హెడ్‌ఫోను సరిచేసుకుని విన్నాడు. జనం చప్పుడు తప్ప ఏమీ లేదు. రాస్కో కూడా సూదిని చూశాడు. మైకు మీద చెయ్యి పెట్టి, బ్యాండు చప్పుడు తగులుతోందేమోనన్నాడు. బ్యాండు ఆ సమయానికి వాయించడం లేదని ఇద్దరికీ తెలుసు.

విరామం వచ్చింది. నల్లవాళ్ళ కాలేజీల్లో విరామమంటే బ్యాండ్ల ఆట. దానికోసమే వచ్చేవాళ్ళు కొందరుంటారు. రెండు కాలేజీల బ్యాండ్లూ వంతులేసుకుని వాయిస్తాయి కాబట్టి అది చాలాసేపు సాగుతుంది. ఆ రోజు లవెల్ బతికి బట్టకట్టడానికి అదీ ఒక కారణం.

రేడియో స్టేషన్ వాళ్ళు ప్రకటనలు వేసుకున్నారు. ఆంబ్రోస్ హెడ్‌ఫోను తీసి కింద పెట్టాడో లేదో, జేబులో ఫోను మోగింది. అక్క క్లియోరా. ఆమెకి మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో టీవీ లేదు. వంటింట్లో రేడియో పెట్టుకుని తమ్ముడి గొంతు వింటూ కూర్చుంటుంది. ఆట మధ్యలో ఎప్పుడూ ఫోను చేయదు.

"ఆ పిల్లాడు ఎట్లా ఉన్నాడురా?" అంది.

ఏ పిల్లాడని అడిగాడు ఆంబ్రోస్.

"ఒరీతా కొడుకు. నువ్వే కదరా ఇప్పుడు చెప్పావు."

తనేమీ చెప్పలేదనీ, ఎవరూ పడలేదనీ, అందరూ లోపల కూర్చుని నీళ్ళు తాగుతున్నారనీ చెప్పాడు. ఫోనులో అక్క వంటింటి గడియారం చప్పుడు వినపడింది.

"ఆంబ్రోస్, నాతో ఆటలాడకు. నేను పెద్దదాన్ని," అంది చివరికి. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. అప్పుడు తను విన్నది మొత్తం చెప్పింది. మూడో భాగం మొదలై కొంచెంసేపయిందట. హెబ్రోన్ వాళ్ళు పాయ వైపు గోలు దగ్గరికి వెళ్తున్నారట. బంతి కదిలింది, అందరూ లేచారు, లవెల్ లేవలేదు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరినో పలకరించినట్టు చెయ్యి ఎత్తి, తర్వాత పక్కకి ఒరిగిపోయాడట. వైద్యం చూసే బెర్నీస్ పరిగెత్తిందట. ఎండదెబ్బ తగిలినవాళ్ళని ముంచే ఐసు తొట్టె ఆ చివర డ్రెస్సింగు గదుల దగ్గరుందట. అంత భారీ మనిషిని మోసుకుంటూ మైదానమంతా దాటేసరికి ఆలస్యమైపోయిందట. రెండు జట్లూ మోకాళ్ళ మీద కూర్చున్నాయనీ, అందరూ ప్రార్థన చేయండనీ ఆంబ్రోస్ చెప్పాడట. ఆ తర్వాత రేడియో ప్రకటనల్లోకి వెళ్ళిపోయిందట.

"మూడో భాగం ఇంకా మొదలే కాలేదక్కా," అన్నాడు ఆంబ్రోస్.

"నీ గొంతే," అంది క్లియోరా. "నీ గొంతు నాకు తెలీదా? కాకపోతే నువ్వు బాగా అలిసిపోయినట్టున్నావు."

ఫోను పెట్టేలోపు ఇంకోటి వచ్చింది. చర్చి పాస్టరు గారిది. ఆయన ఇల్లు కూడా పాయ రోడ్డు మీదే. హగ్గిన్స్ వాళ్ళింటికి బయలుదేరుతున్నాననీ, కుటుంబం తరఫున ఎవరితో మాట్లాడాలో చెప్పమనీ అడిగారు. తర్వాత స్టేషన్‌లో మిషన్లు చూసే అమ్మాయి. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయట. తన చెవులతో తను విన్నది మామూలు ఆటే. ఫోను చేస్తున్నవాళ్ళు మాత్రం ఏడుస్తున్నారట. ఊళ్ళోవాళ్ళకి ఏమీ వినపడలేదు. పాయ పొడుగునా ఉన్న ఇళ్ళలోనే, వంటిళ్ళలో, కార్లలో, పశువుల షెడ్లలో ఆ మాటలు వినపడ్డాయి.

రాస్కో కోడి రెక్క పక్కన పెట్టేశాడు. ఆంబ్రోస్ మెట్లు దిగడం మొదలుపెట్టాక వెనకనుంచి, మీకు పిచ్చి పట్టిందంటారు మాస్టారూ అన్నాడు. ఆ మాట వేళాకోళంగా లేదు.

డ్రెస్సింగు గదిలో చెమట వాసన, మందు వాసన. కోచ్ పలక మీద గీతలు గీస్తున్నాడు. లవెల్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆంబ్రోస్ వెళ్ళి అతని ముందు వంగి ఎలా ఉందని అడిగాడు. కుర్రాడు నవ్వాడు. బాగానే ఉన్నా మాస్టారూ అన్నాడు. పరీక్షలో తెలియని ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు నవ్వే నవ్వు అది. మిగతా అందరి ఒళ్ళూ చెమటకి తడిసి ముద్దయి ఉంటే, లవెల్ మెడ పొడిగా ఉందేమోనని ఆంబ్రోస్‌కి అనిపించింది. నిజంగా పొడిగా ఉందా, తన భయం కొద్దీ అలా కనిపించిందా అన్నది ఆయన ఆ తర్వాత కూడా తేల్చుకోలేకపోయాడు.

కోచ్‌ని పక్కకి పిలిచి, ఈ ఒక్క ఆటకి లవెల్‌ని కూర్చోబెట్టమన్నాడు. ఎందుకని అడిగాడు కోచ్. ఆంబ్రోస్ దగ్గర చెప్పదగ్గ కారణం లేదు. అక్కా, జనం ఫోన్లు చేస్తున్నారన్నాడు. ఎండగా ఉందన్నాడు.

"ఆంబ్రోస్, నీ పని మాట్లాడటం, నా పని ఆడించడం," అన్నాడు కోచ్. "నేనొచ్చి నీ మైకు లాక్కుంటే ఊరుకుంటావా? టీవీ వాళ్ళు చూస్తుండగా నా బండలాంటి పిల్లాడిని, మీ అక్క ఏదో కలగన్నదని కూర్చోబెట్టమంటావా?"

చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. లవెల్ కూడా నవ్వాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

ఆంబ్రోస్ బయటికి వచ్చేశాడు. నడవాలో బెర్నీస్ నీళ్ళ డబ్బాలు నింపుతోంది. జట్టుకి దెబ్బలూ నొప్పులూ చూసే మనిషి. పొట్టిగా, చిరాకుగా ఉంటుంది. ఆమెకి ఫోన్ల సంగతి చెప్పలేదు. ఐసు తొట్టె ఎక్కడుందని మాత్రం అడిగాడు. ఈ చివరే ఉంది, ఎక్కడుంటుంది అంది. దాన్ని పాయ వైపు గోలు దగ్గరికి తీసుకెళ్ళి పెట్టగలవా అన్నాడు.

బెర్నీస్ పైనుంచి కింది దాకా ఆయన్ని చూసింది. "అంత దూరం? దాంట్లో నీళ్ళెన్నున్నాయో తెలుసా? ఐసు మొత్తం కరిగి చస్తుంది."

"తెలుసు. అయినా పెట్టు."

"కారణం?"

"నాకు భయంగా ఉంది బెర్నీస్."

ఆమె చేతిలో ఉన్న నీళ్ళ డబ్బాకి మూత బిగించింది. తర్వాత సామాను మోసే బండి తెమ్మని ఇద్దరు మనుషుల్ని పంపింది. నాకు పొద్దున్నుంచీ భయంగానే ఉంది, ఈ ఎండలో ఆటేంటని ఎవరికి చెప్పుకోను అని గొణిగింది. ఆంబ్రోస్ మెట్లెక్కుతుంటే కింద బండి చక్రాల చప్పుడూ, నీళ్ళు తొణికిన చప్పుడూ వినపడ్డాయి.

మూడో భాగం మొదలైంది. ఆంబ్రోస్ గొంతు మామూలుగానే పలికింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది, మనిషి వణుకుతున్నా గొంతు తన పని తను చేసుకుపోతుంది. మొదట బంతి అవతలివాళ్ళ దగ్గరుంది. వాళ్ళు పోగొట్టుకున్నారు. హెబ్రోన్ వాళ్ళు బంతి తీసుకుని పాయ వైపు నడిచారు. ఒక్కో అడుగూ క్లియోరా చెప్పినట్టే ఉంది. ఇంత తిన్నగా, ఇంత సులువుగా ఆ జట్టు బంతిని ముందుకి తీసుకెళ్ళడం ఆంబ్రోస్ ఈ మధ్య ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు తప్పు చేస్తే బాగుండును, బంతి జారవిడిస్తే బాగుండును అని కోరుకున్నాడు. సొంత జట్టు ఓడాలని ఆయన కోరుకోవడం అదే మొదలు. వాళ్ళు తప్పు చేయలేదు.

గోలు దగ్గరకొచ్చారు. గ్యాలరీలో ఉన్న కొద్దిమందీ లేచి నిలబడ్డారు. బంతి కదిలింది. గుద్దుకున్నారు, పడ్డారు, లేచారు. ఒక్కడు లేవలేదు.

లవెల్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. హెల్మెట్ పాయ వైపు తిప్పాడు. అక్కడ, నాచు నీళ్ళ అంచున, తెలిసినవాళ్ళెవరో నిలబడి పిలిచినట్టు చెయ్యి పైకెత్తాడు. ఆంబ్రోస్ కూడా అటు చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి కుర్రాడు పక్కకి ఒరిగిపోతున్నాడు, పెద్ద బస్తా జారినట్టు, నిదానంగా.

ఆంబ్రోస్ నోరు తెరిచాడు. మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అవి తను ఏరుకున్న మాటలు కావు. అలా వరసలో నిలబడి ఉన్నాయి, పలకడమొక్కటే తరువాయి. ఇప్పుడు వాటిని పలికితే ఇందాక పాయ రోడ్డు మీద విన్నదంతా నిజమై కూర్చుంటుందని ఆయనకి అనిపించింది. నోరు మూసుకున్నాడు. పెదవులు చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

రాస్కో ఆయన వైపు చూశాడు. మాట్లాడమని సైగ చేశాడు. ఆంబ్రోస్ తల అడ్డంగా ఊపాడు. రాస్కో తనే ఏదో అనబోయి, మిషను వైపు చూసి ఆగిపోయాడు.

సూది ఆడుతోంది. గదిలో ఇద్దరూ నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. సూది మాత్రం లేస్తోంది, పడుతోంది, ఆగి, మళ్ళీ లేస్తోంది. తొందర లేదు. ఓదారుస్తున్నట్టుంది. ఆంబ్రోస్‌కి తన చెంప పక్కనే ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు చల్లగా తగిలింది. ఆ ఊపిరి తీసుకునే పద్ధతి ఆయనకి తెలుసు. పొడుగు వాక్యం మొదలుపెట్టే ముందు తను తీసుకునే ఊపిరి.

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళి మిషను తీగని ప్లగ్గుతో సహా పీకేశాడు. సూది ఒక్కసారి పైకి కొట్టుకుని పడిపోయింది. రేడియో మూగబోయింది.

కింద బెర్నీస్ అప్పటికే లవెల్ దగ్గరుంది. తొట్టె పది అడుగుల దూరంలోనే ఉంది. ఆరుగురు కుర్రాళ్ళు పట్టుకుని, బట్టలూ మెత్తలూ కూడా తీయకుండా, అలాగే ఎత్తి ఐసు నీళ్ళలో వేశారు. బెర్నీస్ అతని తల పట్టుకుని, ఐసు గుప్పిళ్ళతో నెత్తి మీద రుద్దుతూ, అంబులెన్సు వాళ్ళు వచ్చి తీసుకెళ్తామంటే చల్లబడేదాకా కదలనివ్వనని తిట్టిపోసింది. జ్వరం చూస్తే నూట ఎనిమిది. కోచ్ మైదానం మధ్యలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. రెండు జట్లూ మోకాళ్ళ మీద కూర్చున్నాయి. బ్యాండు పిల్లలు బాకాలు ఒళ్ళో పెట్టుకున్నారు. పాయ మీద నుంచి కప్ప అరుపు ఒకటి వినపడింది, అంత నిశ్శబ్దంగా ఉంది.

ఆ నిశ్శబ్దంలోకి ఒరీతా కారు వచ్చింది. గేటు దగ్గర కారు వదిలేసి, తలుపు తెరిచే ఉంచి, నడుచుకుంటూ వచ్చింది. పరిగెత్తలేదు. ఆమెని చూసినవాళ్ళు ఆ సంగతే పదే పదే చెప్పుకున్నారు, పరిగెత్తలేదని. తెలియాల్సింది ఇంటి దగ్గరే తెలిసిపోయిన మనిషిలా నడిచి వచ్చింది. తొట్టె చుట్టూ ఉన్న జనం దారి ఇచ్చారు. లోపల కొడుకు కళ్ళు తెరిచి, పళ్ళు టకటకలాడిస్తూ, అమ్మా నా షూ తీయమను అన్నాడు.

ఒరీతా అక్కడే కూలబడింది. అప్పుడు అరిచింది. ఆ అరుపు మైదానం దాటి ఊళ్ళోకి వినపడిందంటారు.

ఆంబ్రోస్ మెట్లు దిగి, జనంలోంచి దారి చేసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. వంగి, ఒరీతా అని పిలిచాడు, అంతే. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆయన్ని చూడను కూడా లేదు. మాట్లాడనివ్వకండి ఆయన్ని, ఎవరైనా ఆయన్ని అవతలికి తీసుకెళ్ళండి అంది. బెర్నీస్ తల ఎత్తి ఆంబ్రోస్‌ని చూసింది. ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు.

లవెల్‌ని జాక్సన్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు అన్నారు. తొట్టె అంత దగ్గరలో ఎందుకుందని అడిగితే బెర్నీస్, మాస్టారికి భయమేసిందట అని చెప్పింది. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. కోచ్ ఒక రోజు ఆంబ్రోస్ ఇంటికి వచ్చి, వసారాలో చాలాసేపు కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఎండవేళ ఆట పెట్టమని టీవీ వాళ్ళు అడిగితే, అందరికంటే ముందు వద్దన్నది ఆ కోచే.

స్టేషన్‌లో రికార్డు చేసినదాన్ని ఆంబ్రోస్, రాస్కో, మిషన్లు చూసే ఆ అమ్మాయి కూర్చుని మొదటినుంచి విన్నారు. మామూలు ఆట. వేళాకోళాలు, జనం కేకలు, మధ్య మధ్యలో నిశ్శబ్దం. సూది ఆడిన చోట కూడా నిశ్శబ్దమే. పాయ రోడ్డు వాళ్ళు మాత్రం తాము విన్నది విన్నామన్నారు. వాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకోలేదు. అడిగితే మొహం పక్కకి తిప్పుకునేవారు. విరామం కూడా అయిపోకముందే వాళ్ళలో కొందరు హగ్గిన్స్ వాళ్ళ వసారాలో గిన్నెలు పెట్టి వెళ్ళారు, చావింటికి తీసుకెళ్ళే వంటకాలు, ఆదివారానికని ముందే వండి ఉంచుకున్నవి, జున్ను వేసి కాల్చిన మకరోనీ, వేయించిన కోడి, చిలగడదుంపలు కూరి కాల్చిన తీపి రొట్టె. ఒరీతా రెండు రోజుల తర్వాత బట్టల కోసం ఇంటికి వస్తే అవన్నీ చీమలు పట్టి ఉన్నాయట. ఆమె వాటిని గిన్నెలతో సహా పెరట్లో పాతిపెట్టింది. ఆ గిన్నెలు ఎవరూ అడగలేదు.

ఆంబ్రోస్ తర్వాతి వారం ఆటకి వెళ్ళాడు. కామెంటరీ బాగానే చెప్పాడు. కానీ ఆట ఆగినప్పుడు నీళ్ళు తాగడం మానేశాడు. ఒక్క క్షణం ఖాళీ వదిలేవాడు కాదు. గాలి గురించో, బ్యాండు గురించో, ఎదురు గ్యాలరీలో ఎవరి టోపీ గురించో ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. మాస్టారికి వయసుతో వాగుడెక్కువైందని క్షౌరశాలలో నవ్వుకున్నారు. రాస్కో ఒక్కడూ నవ్వలేదు. ఆంబ్రోస్ ఊపిరి కోసం ఆగితే అతను వెంటనే అందుకునేవాడు. ఆ ఏడాది ఇద్దరూ కలిసి ఆ మైకుని ఒక్కసారీ ఒంటరిగా వదల్లేదు.

నవంబరులో లవెల్ ఫోను చేశాడు. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి అమ్మ రమ్మంటోందన్నాడు. తర్వాత కొంచెం నసిగి, "మాస్టారూ, ఒక్క మాట. మా ఇంట్లో మీరు మాట్లాడకూడదట. అమ్మ అలా చెప్పమంది. ఏమీ అనుకోకండి," అన్నాడు.

ఆంబ్రోస్ ఏమీ అనుకోలేదు. సూటు వేసుకుని, క్లియోరా చేసిన కేకు పట్టుకుని వెళ్ళాడు. ఒరీతా తలుపు తీసి కేకు అందుకుని, పక్కకి తప్పుకుంది. వాళ్ళ వంటింట్లో బల్ల మీద రేడియో ఉండే చోటు ఖాళీగా ఉంది. దుమ్ములో నలుచదరం గుర్తు కనిపిస్తోంది. ముగ్గురూ కూర్చున్నారు. లవెల్ బాగా తగ్గిపోయాడు, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఇంక ఆడనంటూ, వ్యవసాయం చదువుతానంటూ, బెర్నీస్ ఇప్పటికీ వారం వారం ఫోను చేసి మూత్రం రంగు అడుగుతుందంటూ కబుర్లు చెప్పాడు. ఆంబ్రోస్ తలూపాడు, నవ్వాడు, కళ్ళతో అడిగాడు. ఆకుకూర ఇంకొంచెం వేయనా అని ఒరీతా గరిటె చూపించింది. వేయమని కంచం జరిపాడు. ఆ గొంతుతోనే ఇన్నేళ్ళు బతికిన మనిషికి, మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం అనుకున్నంత కష్టంగా లేదు.

భోజనాలయ్యాక లవెల్ గిన్నెలు కడుగుతుంటే ఒరీతా ఆయన్ని వాకిలి దాకా సాగనంపింది. మెట్టు మీద ఆగింది.

"తొట్టె సంగతి బెర్నీస్ చెప్పింది మాస్టారూ," అంది. "మీ రుణం తీర్చుకోలేను. నాకు మీ మీద కోపం లేదు."

ఆంబ్రోస్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కానీ నేను విన్నాను. చిక్కుడు గింజలు ఒలుస్తున్నా. మీరు నన్ను పేరు పెట్టి పిలిచారు. ఒరీతా, తొందరపడి కారు తోలకమ్మా, మెల్లిగా రా, నీ బిడ్డకి ఇప్పుడు ఏ నొప్పీ లేదు అన్నారు. ఎంత బాగా చెప్పారో. మా అమ్మ కూడా నాతో అట్లా మాట్లాడలేదు. ఆ మాటకే నేను కారు మెల్లిగా తోలాను." ఆమె పైట లాంటి శాలువా భుజం మీదికి లాక్కుంది. "వాడు లోపల పాటలు పాడుతూ గిన్నెలు కడుగుతుంటాడు. నాకు ఆ మాట వినపడుతుంది. అప్పుడు వెళ్ళి వాడిని ముట్టుకుని చూసుకుంటా."

ఆంబ్రోస్‌కి ఏదో అనాలనిపించింది. తను అనలేదని, అలాంటి మాటలు తనకి తెలియనే తెలియవని. అడిగింది ఆమె, మాట్లాడొద్దని. ఆయన టోపీ తీసి, తల వంచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె ఆయన చెయ్యి ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది. వచ్చే నెల మళ్ళీ రమ్మంది. పంది తొడ కాలుస్తానంది.

ఆయన వెళ్ళాడు. ప్రతి నెలా వెళ్ళేవాడు. లవెల్ చదువు పూర్తయి, పక్క జిల్లాలో ఉద్యోగం దొరికి, పెళ్ళి చేసుకున్నాక కూడా వెళ్తూనే ఉన్నాడు. ఆ ఇంట్లో ఏనాడూ నోరు విప్పలేదు. లవెల్‌కి కూతురు పుట్టాక, ఆ పిల్లకి మాటలు వచ్చాక, అది ఈ తాత మూగవాడని అనుకునేది. ఎవరూ కాదని చెప్పలేదు. ఆ పిల్ల ఆయన ఒళ్ళో కూర్చుని, ఊళ్ళో సంగతులన్నీ ఆయన తరఫున కూడా తనే గలగలా చెప్పేసేది. ఒరీతా పొయ్యి దగ్గర నుంచి వింటూ నవ్వుకునేది.